గురుగ్రామ్‌లో కాలినడక: నివాసులు కోరుతున్నదేమిటి?

దిల్లీకి నైరుతి దిశలో, హర్యానా రాష్ట్రంలో ఉన్న గురుగ్రామ్ కారు ప్రయాణాన్ని నమ్ముకుని విస్తరించిన ఉపనగరం. అద్దాల మేడలు, కార్పొరేట్ కార్యాలయాలు, ప్రహరీల నడుమ నివాస సముదాయాలు ఈ నగరానికి గుర్తింపు తెచ్చాయి. అయితే ఇంటి గుమ్మం నుంచి మెట్రో స్టేషన్ వరకు నిర్భయంగా నడిచి వెళ్లే దారి మాత్రం ఇక్కడ అనేక ప్రాంతాల్లో నేటికీ కరవే.

దీనికి కారణం నగరం పుట్టుకలోనే ఉంది. ప్రైవేటు నిర్మాణ సంస్థలు లైసెన్సులు పొంది కాలనీలను నిర్మించగా, వాటిని కలిపే రహదారుల బాధ్యత ప్రభుత్వ విభాగాలపై పడింది. నగరపాలక సంస్థ 2008లో గాని ఏర్పడలేదు. ఫలితంగా ఒక కాలనీ ముందు చక్కగా మొదలైన కాలిబాట తర్వాతి కాలనీ సరిహద్దు చేరేసరికి మాయమవుతుంది. అదే ఏడాది ప్రారంభమైన దిల్లీ–గురుగ్రామ్ ఎక్స్‌ప్రెస్‌వే నగరాన్ని రెండుగా చీల్చింది. ఇటు నివసించి అటు పనిచేసేవారికి రోడ్డు దాటడమే నిత్య గండమైంది.

వృద్ధుల ప్రధానమైన కోరిక సిగ్నల్ వద్ద తగినంత సమయం. పాదచారి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజినీర్లు సాధారణంగా లెక్కిస్తారు. ఆ ప్రకారం 21 మీటర్ల రోడ్డు దాటడానికి సుమారు 18 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లకు మించి నడవలేని వృద్ధురాలికి మాత్రం 26 సెకన్లు పైగా కావాలి. పాదచారుల వంతెనలపై కూడా వారిది ఇదే వాదన. మెట్లెక్కలేనివారు వంతెన కిందనే వాహనాలకు ఎదురువెళ్తారు. వారిని క్రమశిక్షణ లేనివారని నిందించడం తేలికే గాని, నేలమీదనే దాటే ఏర్పాటు చేయడమే సరైన పరిష్కారం.

వీధి వ్యాపారుల విషయంలో నివాసుల మధ్య ఏకాభిప్రాయం లేదు. బండ్లన్నింటినీ తొలగించి బాటలు ఖాళీ చేయించాలన్నది కొందరి పట్టు. చీకటిపడ్డాక టీ బండి, కూరగాయల బండి ఉన్న దారే క్షేమమని, నిర్మానుష్యమైన బాట ఎంత వెడల్పున్నా భయమేనని పలువురు మహిళల అనుభవం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం విక్రయ మండలాలను గుర్తించాలని నిర్దేశిస్తోంది. బండ్లకు, నడకకు వేర్వేరుగా చోటు కేటాయించడం అసాధ్యమేమీ కాదు.

కాలనీ ద్వారాల మూసివేత మరో చిక్కు. భద్రత కోసం నివాసుల సంఘాలు పక్క ద్వారాలకు తాళం వేస్తే, లోపల పనిచేసే ఇంటిపనివారు, కాపలాదారులు ప్రధాన రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రావలసిందే. నగరంలో అందరికంటే ఎక్కువగా నడిచేది వీరే. సంఘాల సమావేశాల్లో వీరి మాట వినిపించడం అరుదు.

నివాసుల చొరవకు ఫలితం లేకపోలేదు. 2013 నవంబరు 17న పౌర సంఘాలు, స్థానిక యంత్రాంగం కలిసి ఇక్కడ ‘రాహ్‌గిరీ’కి శ్రీకారం చుట్టాయి. ఆదివారం ఉదయం కొన్ని రోడ్లపై వాహనాలను ఆపి నడకకు, సైకిళ్లకు, ఆటలకు వదిలేసే ఈ కార్యక్రమానికి కొలంబియా రాజధాని బొగొటాలోని సంప్రదాయం స్ఫూర్తి. తర్వాత ఇది దిల్లీకి, మరికొన్ని నగరాలకు పాకింది. వారానికి కొన్ని గంటల స్వేచ్ఛ సోమవారం నాటి రోడ్డును మార్చదన్న విమర్శ కూడా సమంజసమే.

సమస్య ఒక్క గురుగ్రామ్‌ది కాదు. కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులు. కాలిబాటపై నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టం చేసింది. అదే ఏడాది అక్టోబరులో, మోటారు వాహనాల చట్టంలోని 138(1ఎ) సెక్షన్ కింద పాదచారులకు సంబంధించిన నిబంధనలను ఆరు నెలల్లో రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

కొలమానాలు ఇప్పటికే ఉన్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం కాలిబాటపై అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. తమ వీధి బాట ఆ ప్రమాణానికి తగినట్లు ఉందో లేదో టేపు చేతబట్టి ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు.