రద్దీ పంపకం లెక్కలు: నార్కట్‌పల్లి మలుపు దాకా

ఏ రోడ్డు మీద ఎన్ని వాహనాలు వెళ్తాయి, వాటిని ఎలా పంచితే అందరి ప్రయాణ సమయం కలిపి తగ్గుతుంది? ఈ ప్రశ్నలకు జవాబిచ్చే గణిత పద్ధతులే రద్దీ పంపకం లెక్కలు. దక్షిణ తెలంగాణలో వీటి అవసరం ఏటా సంక్రాంతికి తెలిసివస్తుంది. హైదరాబాద్ నుంచి సొంతూళ్లకు బయల్దేరిన కార్లు 65వ జాతీయ రహదారిపై పంతంగి టోల్‌గేటు వద్ద బారులు తీరతాయి.

1952లో బ్రిటిష్ శాస్త్రవేత్త వార్డ్రాప్ రెండు సూత్రాలు చెప్పాడు. ఎవరి దారి వారే ఎంచుకుంటే, జనం వాడే దారులన్నిటికీ చివరకు ఒకే సమయం పడుతుంది. అందరి సమయం కలిపి తగ్గించే పంపకం మాత్రం వేరు; అది రెండో సూత్రం. 1956లో బెక్‌మన్, మెక్‌గైర్, విన్‌స్టెన్ మొదటి సూత్రాన్ని కనిష్ఠ విలువ కనుక్కునే లెక్కగా మార్చారు. దాన్ని పరిష్కరించే సాధనం, ఫ్రాంక్-వుల్ఫ్ పద్ధతి, కూడా అదే ఏడాది వచ్చింది. అయితే దాన్ని రూపొందించిన ఫ్రాంక్, వుల్ఫ్ రోడ్ల కోసం రాయలేదు. రోడ్ల నెట్‌వర్క్‌లకు అది బాగా అక్కరకొస్తుందని 1970లలో తేలింది. కొత్త రోడ్డు వేస్తే ఒక్కోసారి అందరికీ ఆలస్యం పెరగవచ్చని 1968లోనే జర్మన్ గణితవేత్త బ్రాయెస్ నిరూపించాడు.

65వ రహదారిపైనే నార్కట్‌పల్లి దగ్గర ఈ సూత్రాలు రోడ్డెక్కుతాయి. గుంటూరు వెళ్లేవారు విజయవాడ మీదుగా పోవచ్చు, లేదా ఇక్కడ తిరిగి నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల దారి పట్టవచ్చు. పండగ రద్దీలో పోలీసులు వాహనాలను ఇటు మళ్లించడం వార్డ్రాప్ రెండో సూత్రం వైపు వేసే అడుగే.

ఆ మళ్లింపు విలువెంతో 1964 నాటి అమెరికా రోడ్ల శాఖ సూత్రం చూపిస్తుంది. అందులో ఆలస్యం రద్దీ నాలుగో ఘాతంతో పెరుగుతుంది. రోడ్డు సామర్థ్యానికి రెట్టింపు వాహనాలొస్తే గంట ప్రయాణానికి 3 గంటల 24 నిమిషాలు పడుతుంది. వాటిలో ఐదోవంతు పక్కకు పంపితే మిగిలినవారికి 2 గంటల లోపే! కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు కలిసి నడిచే మన రోడ్లకు ఈ అంకెలు అచ్చంగా సరిపోవు గానీ, పాఠం సరిపోతుంది.

మహబూబ్‌నగర్ వైపు ఈ లెక్క ఇంకా చిక్కైనది. 44వ రహదారి మీది జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మిర్యాలగూడ మీదుగా కోదాడకు 167వ రహదారి ఉంది. హైదరాబాద్‌ను తాకకుండా 44, 65 రహదారులను అదే కలుపుతోంది.

ఈ లెక్కలకు కావలసిన సమాచారం టోల్‌గేట్లలోనే ఉంది: వాహనాలను నమోదు చేసే ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. పంతంగిలో నమోదై, నార్కట్‌పల్లి దాటాక వచ్చే కొర్లపహాడ్ టోల్‌గేటులో కనిపించని వాహనాల లెక్క తీస్తే, నార్కట్‌పల్లి దగ్గర ఎందరు మలుపు తిరిగారో చాలావరకు అంచనా కట్టవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇంజినీరింగ్ విద్యార్థులు చేపట్టాల్సిన పని ఇది. అధికారులు వారికి ఆ లెక్కలు అందించాలి.