సత్రపు నీడ – విద్యుద్వాహనముల శీతలోపచారము

తిరువళ్ళూరునుండి తిరుత్తణికి పోవు బాటలో కనకమ్మ సత్రమను గ్రామము కలదు. ఇది చెన్నపట్టణమునుండి తిరుపతికి పోవు యాత్రామార్గము. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. ఎల్ల మారినను బాట మారలేదు. పూర్వము సత్రముండెననుటకు ఊరి పేరే సాక్ష్యము. ఎండనబడి వచ్చిన ఎద్దులను విప్పి, నీడను కట్టి, ఒగర్పు తీరిన పిమ్మటనే కుడితి పెట్టుట మన బండ్లవారి ఆచారము. నేడు విద్యుద్వాహనములకును ఇట్టి ఉపచారమే అవసరమైనది. అది ఏర్పడిన క్రమమును పరిశీలింతము.

1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటె సీసపు బ్యాటరీని నిర్మించెను. 1881లో గుస్తావ్ ట్రూవే అట్టి బ్యాటరీతో మూడు చక్రముల బండిని పారిస్ వీథులలో నడిపెను. 2001లో బెంగుళూరున వెలువడిన రేవా కారునందును సీసపు బ్యాటరీలే యుండెను. ఇంతలో 1991లో సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని విపణికి తెచ్చినది. తక్కువ బరువున ఎక్కువ శక్తిని దాచుట దీని గుణము. ఉష్ణమునెడ సుకుమారమగుట దీని లోపము. సుమారు 15 మొదలు 35 డిగ్రీల సెంటిగ్రేడు వరకు దీనికి హితము.

విద్యుత్తు నింపునపుడు లోపలి నిరోధమువలన వేడి పుట్టును. ప్రవాహము రెట్టింపైన ఆ వేడి నాలుగింతలగును. వేడి మితిమీరిన బ్యాటరీ ఆయువు తరుగును. గడ్డకట్టు చలిలో నింపినచో లిథియము లోహపు పొరగా పేరుకొనును. కావున శీతల దేశములలో ముందుగా దానిని వెచ్చజేయుదురు.

2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ కారు బ్యాటరీకి ద్రవశీతలీకరణము లేదు. 2012లో అమెరికాలోని అరిజోనా ఎడారి సీమ వారు తమ బ్యాటరీల సామర్థ్యము త్వరగా తగ్గుచున్నదని మొరపెట్టిరి. పిమ్మట ఆ సంస్థ సామర్థ్యమునకును హామీ నిచ్చినది. మండువేసవి నెరిగిన మనకిది ఉపేక్షింపదగిన వృత్తాంతము కాదు. కారులో మిక్కిలి వెలగల భాగము బ్యాటరీయే కదా!

రెండవ మార్గమును 2008లో టెస్లా రోడ్‌స్టర్, 2010లో షెవర్లే వోల్ట్ అవలంబించినవి. మన దేశమున 2020లో టాటా నెక్సాన్ విద్యుత్కారు అనుసరించినది. నీరు, గ్లైకాల్ కలిసిన ద్రవము బ్యాటరీ నంటి పారుచు వేడిని గ్రహించును. రేడియేటరు ఆ వేడిని గాలికి విడుచును. అది చాలనిచో ఏసీ యంత్రము ద్రవమును చల్లార్చును. తీగ తగిలించి యున్నపుడు ఈ పనికి వలయు శక్తి బయటినుండియే వచ్చును గనుక దాచిన శక్తి తరుగదు. నిలిచియున్న బండిలో పంకా మ్రోత వినవచ్చుట ఇందువలననే; అది దోషము కాదు. అప్పటికిని వేడి తగ్గనిచో కంప్యూటరు ప్రవాహమును తగ్గించును. యాత్రికుడు ఆలస్యమునకు విసుగుకొనునుగాని, ఆ ఆలస్యమే బ్యాటరీకి రక్ష.

2022 సెప్టెంబరులో తిరుమల కొండకును విద్యుత్ బస్సులు ఎక్కనారంభించినవి. వాహనము మారినది, సత్రధర్మము మారలేదు. మేత యెంత ముఖ్యమో, నీడయు నంతే ముఖ్యము.