పుట్టుకతో వచ్చే మెదడు కణితులు

గర్భంలో ఉండగానే శిశువు మెదడులో పెరిగే అరుదైన కణితులు. 1964లో సొలిటేర్, క్రిగ్మన్ వీటిని వర్గీకరించారు: పుట్టేనాటికే కనిపించేవి నిశ్చితం, తొలి వారంలో బయటపడేవి సంభావ్యం, తొలి నెలల్లో తెలిసేవి అనుమానితం.

అన్నిటిలో ఎక్కువగా కనిపించేది టెరటోమా. పిండదశ కణాల నుంచి పుట్టే ఈ గడ్డలో ఎముక, మృదులాస్థి, చర్మం వంటి కణజాలాలు కలగలిసి ఉంటాయి. ఆస్ట్రోసైటోమా, కోరాయిడ్ ప్లెక్సస్ పాపిలోమా తదితరాలూ ఉన్నాయి. పాపిలోమా మెదడు ద్రవాన్ని అతిగా స్రవించి తలలో నీరు చేరుస్తుంది.

విజయవాడ, గుంటూరు స్కానింగ్ కేంద్రాల్లో ‘టిఫా’గా పిలిచే, గర్భస్థ శిశువులో లోపాలను వెతికే స్కాన్‌ను 18–22 వారాల మధ్య చేస్తారు. ఈ కణితులు ఎక్కువగా ఏడో నెల తర్వాతే కనిపిస్తాయి కాబట్టి టిఫా సవ్యంగా ఉన్నంత మాత్రాన ఇవి లేవని తేలదు. తల చుట్టుకొలత వయసుకు మించడం, మెదడు మధ్యరేఖ పక్కకు జరగడం, ఉమ్మనీరు పెరగడం తొలి సూచనలు. ఎంఆర్‌ఐ మరింత స్పష్టతనిస్తుంది. తల మరీ పెద్దదైతే సిజేరియన్ అవసరమవుతుంది.

శస్త్రచికిత్సే ప్రధాన మార్గం. 3 కిలోల శిశువు ఒంట్లో రక్తం సుమారు పావు లీటరే. అందుకే శస్త్రచికిత్సలో కొద్దిపాటి రక్తస్రావమూ ప్రాణాంతకం కావచ్చు. ఎదిగే మెదడుకు హాని కనుక రేడియేషన్ సాధారణంగా ఇవ్వరు. పెద్ద టెరటోమాల్లో బతికే అవకాశం తక్కువ. పాపిలోమాను పూర్తిగా తీయగలిగితే ఫలితం మెరుగు. తీవ్ర పిండ లోపాల్లో 24 వారాలు దాటాక గర్భస్రావానికి, భారత గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం మెడికల్ బోర్డు నిర్ణయం తప్పనిసరి.