పుట్టింటికే తాళం వేసిన లైనక్స్: 386 ప్రాసెసర్ కథ

ఈ ఎపిసోడ్ నా పరువు పోయిన కథతో మొదలుపెడతాను.

2008లో నా దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఉండేది. అందులో ఏఎండీ కె6-2 ప్రాసెసర్. లైనక్స్ కెర్నల్‌ని నేనే సొంతంగా బిల్డ్ చేస్తానని ఫ్రెండ్స్ ముందు గొప్పలు పోయాను. కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌కీ మనం వాడే యాప్స్‌కీ మధ్య నిలబడే ప్రోగ్రామ్. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, అందులో నడిచేదీ లైనక్స్ కెర్నలే.

బిల్డ్ చేసే ముందు ఒక మెనూ వస్తుంది. అందులో 'ప్రాసెసర్ ఫ్యామిలీ' అని ఒక లిస్టు: 386, 486, పెంటియం ప్రో, కె6, అథ్లాన్... ఇలా. నాది కె6. కానీ 'పెంటియం ప్రో' అనే పేరు ఇంకా గొప్పగా అనిపించింది, అదే నొక్కాను! రాత్రంతా కంపైల్ అయింది. పొద్దున్నే ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఒక మెసేజ్: ఈ కెర్నల్‌కి 686 తరం ప్రాసెసర్ కావాలి, ఇక్కడ కనిపించింది 586 మాత్రమే. అంతే, అక్కడే ఆగిపోయింది. ఫ్రెండ్స్ పడీ పడీ నవ్వారు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, పెంటియం ప్రోతో 'సీమూవ్' అనే కొత్త ఇన్‌స్ట్రక్షన్ వచ్చింది. ఆ ఆప్షన్ పెడితే కంపైలర్ దాన్ని ధైర్యంగా వాడేస్తుంది. నా కె6-2కి ఆ ఇన్‌స్ట్రక్షనే తెలియదు.

మరి అన్నిటికంటే కింద ఉన్న 386 ఎంచుకుంటే సరిపోయేది కదా? నిజమే, అది పెడితే తర్వాత వచ్చిన ప్రాసెసర్లన్నిటి మీదా నడిచేది. కానీ కొత్త చిప్‌లో ఉన్న సౌకర్యాలు వాడుకోలేదు. అందుకే డెబియన్ వాళ్లు అప్పట్లో 486కి ఒకటి, 686కి ఒకటి, అథ్లాన్ లాంటి కె7కి ఒకటి అని వేరువేరు కెర్నల్ ప్యాకేజీలు ఇచ్చేవాళ్లు.

అసలు కథ ఆ 386దే. ఇంటెల్ దాన్ని 1985లో తెచ్చింది. 1991లో హెల్సింకీ యూనివర్సిటీ స్టూడెంట్ లైనస్ టోర్వాల్డ్స్ తన 386 కంప్యూటర్ మీదే లైనక్స్ రాయడం మొదలుపెట్టాడు. ఆ ఆగస్టులో దాని గురించి మొదటిసారి అందరికీ చెప్పినప్పుడు, ఇది 386కి అతుక్కుని ఉంది, వేరే మెషీన్ల మీద నడవకపోవచ్చు అని తనే ఒప్పుకున్నాడు. అంటే లైనక్స్‌కి పుట్టిల్లు 386.

తర్వాత 486 వచ్చింది. మెమరీలో ఒక విలువని పోల్చి, సరిపోతే అదే అడుగులో మార్చేసే ఇన్‌స్ట్రక్షన్ దానిలో ఉంది, 386లో లేదు. ఒకేసారి చాలా పనులు నడిపే కెర్నల్‌కి అది ప్రాణం లాంటిది. ఇంకో లోపం కూడా ఉంది. 'ఈ మెమరీ పేజీ మీద రాయకూడదు' అని గుర్తు పెట్టినా, కెర్నల్ తానే రాస్తుంటే 386 ఆపేది కాదు. ఈ రెండిటికీ కెర్నల్‌లో ప్రత్యేకంగా కోడ్ మోయాల్సి వచ్చింది.

2012 డిసెంబర్‌లో ఇంగో మోల్నార్ ఇక చాలన్నారు. కొన్ని మార్పులు చేయాలన్నప్పుడల్లా ఏళ్ల తరబడి 386 కోసం అదనపు పని పడుతోందని చెప్పి, దాన్ని తీసేసే మార్పుల్ని లైనస్‌కి పంపారు. లైనస్ మొదటి కంప్యూటర్ ఇక కొత్త కెర్నల్‌తో బూట్ అవ్వదని కాస్త బాధగా గుర్తు కూడా చేశారు. లైనస్ మాత్రం తనకి అలాంటి సెంటిమెంట్ లేదని చెప్పి ఒప్పేసుకున్నాడు! 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 వెర్షన్‌లో 386 ఆప్షన్ లేదు. 2025లో ఇంగోనే 486ని కూడా తీసేద్దామని ప్రతిపాదించారు.

విచిత్రం చూడండి, అదే 2012 డిసెంబర్‌లో వచ్చిన 3.7 వెర్షన్‌లో ఫోన్లకి వాడే ఆర్మ్ చిప్‌లకి ఉల్టా పని జరిగింది. అంతకుముందు ఒక్కో రకం చిప్‌కి ఒక్కో కెర్నల్ బిల్డ్ చేయాలి. ఇప్పుడు ఒకే కెర్నల్ రకరకాల ఆర్మ్ చిప్‌ల మీద బూట్ అయ్యే దారి తెరుచుకుంది. తర్వాత గూగుల్ కూడా ఆండ్రాయిడ్ కెర్నల్‌లో అందరికీ ఉమ్మడి భాగాన్నీ, చిప్ కంపెనీ కోడ్‌నీ విడదీసింది. అప్‌డేట్లు తేలికవ్వాలంటే అది తప్పదు.

నాకు అర్థమైంది ఇదీ. ఆ మెనూలో ప్రతి లైనూ ఒక మాట ఇచ్చినట్టే: నీ మెషీన్‌ని వదలం అని. ఆ మాట నిలబెట్టడానికి ఎవరో ఒకరు రోజూ కోడ్ మోస్తూనే ఉండాలి. 386కి ఇరవై ఏళ్లకి పైగా మోశారు. మన ఫోన్లకి అన్నేళ్లు ఎవరైనా మోస్తున్నారా?

మీ ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి కెర్నల్ వెర్షన్ చూడండి. ఎంత వచ్చిందో, చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో కింద రాయండి.