నిజాం ఖర్చుతో క్లోరోఫామ్ తగవు

హైదరాబాద్‌లోని ఆబిడ్స్‌కు ఆ పేరు ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం వల్ల వచ్చింది. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆంతరంగిక సేవకుడు. ఆ నిజామే 1889లో డాక్టర్ల తగవొకటి తేల్చడానికి వెయ్యి పౌండ్లు ఇచ్చాడు.

ఆపరేషన్ బల్ల మీద క్లోరోఫామ్ ఇచ్చిన రోగి ఒక్కోసారి చనిపోయేవాడు. ముందు ఆగేది ఊపిరా, గుండెకాయా? గుండే అని ఇంగ్లండ్‌లో చాలామంది నమ్మకం. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఒప్పుకోలేదు. మందు చుక్కలు వేసిన గుడ్డను ముక్కు దగ్గర పట్టేవాడు నాడి జోలికి పోకుండా ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలన్నది ఆయన పట్టు.

1888లో కుక్కల మీద చేసిన పరీక్షలతో విలాయతీ డాక్టర్ల సందేహం తీరలేదు. దాంతో నిజాం సొమ్ముతో లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు కలిపి నాలుగు వందలకు పైగా జంతువులకు మత్తిచ్చి చూశారు. ముందు ఆగింది ఊపిరే. గుండే ఆగుతుందనుకుంటూ వచ్చిన బ్రంటన్ లారీ పక్షానికి మారిపోయాడు. ఆ రోజుల్లో ఇక్కడి మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ తర్వాత మత్తు డాక్టరయ్యారు.

మెదడు అడుగు భాగంలోని కొన్ని నాడీకణాలు లయ తప్పకుండా సంకేతాలు పంపితేనే ఉదరవితానం కదిలి ఊపిరి ఆడుతుంది. ఒక కణం పక్కదాన్ని 'ఆగు' అని అదుపు చేసే రసాయన సంకేతానికి క్లోరోఫామ్ బలం పెంచుతుంది. కణాల్లోంచి పొటాషియం బయటికి పోయే దారులనూ తెరుస్తుంది. దాంతో కణాలు స్పందించడం తగ్గిస్తాయి. మోతాదు మించితే ఊపిరి నడిపే కణాలూ మూగబోతాయి. హైదరాబాద్‌లో చూసింది అదే.

చూడనిది ఇంకొకటుంది. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులకు కొద్దిపాటి క్లోరోఫామ్ ఇచ్చి, అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె గదులు వణికి, కొట్టుకోవడం ఆగింది. మనిషి భయపడ్డప్పుడు మెదడు నుంచి నరాల వెంట కబురు మూత్రపిండాల మీది గ్రంథులకు చేరుతుంది, అవి రక్తంలోకి అడ్రినలిన్ వదులుతాయి. మత్తు సరిగా పట్టకముందే బెదిరిపోయే రోగికి ఉన్న ముప్పు ఇదే. ఆ విషయంలో లారీ ప్రత్యర్థుల భయం ఉత్తది కాదు.

లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 మూసీ వరద దెబ్బతీసింది. క్లోరోఫామ్ కూడా క్రమంగా వాడుకలోంచి పోయింది. మత్తు డాక్టర్లు లారీ చెప్పినట్టు ఊపిరిని ఇప్పటికీ చూస్తున్నారు, ఆయన వద్దన్న నాడినీ చూస్తున్నారు.