బేబీ స్నూక్స్ ఎలా పుట్టింది?

అమెరికన్ హాస్యనటి ఫ్యానీ బ్రైస్‌కి డ్యాన్సు రాదు. జార్జ్ ఎం. కోహన్ తన సంగీత నాటకం కోరస్‌లోకి తీసుకున్నట్టే తీసుకుని, ఆ కారణంతోనే పంపించేశాడు. 1891లో న్యూయార్క్‌లోని ఓ యూదు కుటుంబంలో పుట్టిన ఈ పిల్లకి గొంతుంది, తెగువ ఉంది. ఆ రెండింటితోనే బర్లెస్క్‌లో చేరింది.

అప్పటి బర్లెస్క్ అంటే చవక టికెట్టు వినోదం. హాస్యగాళ్ల స్కిట్లు, పేరడీలు, మధ్యమధ్యలో కాళ్లు కనిపించే దుస్తుల్లో అమ్మాయిల కోరస్. బట్టలు విప్పే ఆటగా దానికి పేరు పడింది తర్వాతి రోజుల్లో. పెద్దమనుషులు మొహం తిప్పుకున్నా, హాస్యనటులకి అదే బడి.

1909లో 'కాలేజ్ గర్ల్స్' అనే ప్రదర్శనలో ఉండగా, "నీకు సొంత ఐటమ్ ఏదైనా ఉందా?" అని అడిగారట. లేకపోయినా ఉందనేసి పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన 'సేడీ సలోమీ, గో హోమ్' పాట ఇచ్చి, యూదుల యిడ్డిష్ యాసలో పాడి చూపించాడు. బైబిల్ కథల నర్తకి సలోమీ వేషం కట్టి స్టేజీ ఎక్కిన అమ్మాయిని ఇంటికి పొమ్మని ప్రియుడు మొత్తుకునే పాట అది. ఫ్యానీకి యిడ్డిష్ రాదు. యాస మాత్రం ఇట్టే పట్టేసింది.

ఆ పాట స్టేజీ మీద పాడిన రోజు వేసుకున్నది గంజి దట్టించిన సెయిలర్ డ్రెస్సు. పాడుతుంటే అది ఎగదన్నుకొచ్చి గుచ్చుకుంటోంది. సర్దుకోబోయి మెలికలు తిరిగింది. హాలంతా గొల్లుమంది. జనం దేనికి నవ్వుతున్నారో తెలిశాక ఇంకాస్త మెలికలు తిరిగింది. ఇది ఫ్యానీ తర్వాత తనే చెప్పుకున్న కథ.

1910లో నిర్మాత ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ తన 'ఫాలీస్' ప్రదర్శనకి పిలిచాడు. అందగత్తెలకి పేరుపడ్డ ఆ వేదిక మీద, డ్యాన్సు రాని ఫ్యానీ బ్యాలేనే వెక్కిరించి నవ్వించింది. 1921లో 'మై మ్యాన్' పాటతో అదే జనాన్ని ఏడిపించింది.

ఫ్యానీ వేసిన బేబీ స్నూక్స్ అనే గడుగ్గాయి పిల్ల పాత్ర 1934 ఫాలీస్‌లో వేదికెక్కి, 1936లో రేడియోకి చేరింది. "ఎందుకు నాన్నా?" అంటూ తండ్రి ప్రాణం తోడేయడమే దాని పని. అప్పటికి ఫ్యానీకి నలభై దాటాయి. రేడియోలో వేషం ఎవరికి కనిపిస్తుంది? అయినా స్టూడియోకి వచ్చినవాళ్ల ముందు చంటిపిల్ల గౌనుతో నిలబడేది. చదవడానికి కళ్లద్దాలు పెట్టుకుంటే పిల్ల ఎలా అవుతుంది? అందుకని స్క్రిప్టు పెద్ద పెద్ద అక్షరాల్లో టైపు చేయించేవారు. పాత్ర ఒంట్లోకి వస్తేనే గొంతులోకి వస్తుందని ఆమెకి బర్లెస్క్ నాడే తెలుసు. 1951 మే 29న చనిపోయేదాకా స్నూక్స్‌ని వదల్లేదు.

1964లో ఆమె అల్లుడు రే స్టార్క్ ఆమె జీవితం మీద నిర్మించిన 'ఫన్నీ గర్ల్' నాటకం 1968లో సినిమాగా వచ్చి, ఫ్యానీగా నటించిన బార్బ్రా స్ట్రైసాండ్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టింది. ఆ కథ ప్రేమ, పెళ్లి, ఎడబాటు చుట్టూ తిరిగి, స్నూక్స్ పుట్టకముందే ముగుస్తుంది. దాంతో ఫ్యానీ మొగుడి సంగతి లోకానికి గుర్తుండిపోయింది. పదిహేనేళ్లు అమెరికా ఇళ్లలో వినిపించిన ఆ పిల్లని వినాలంటే మాత్రం పాత రికార్డింగులు వెతుక్కోవాలి.