మీటరు లేని ట్యాక్సీ – విశాఖలో కిరాయి బండ్ల అనుమతుల కథ

కొన్ని మాటల పుట్టుక వెదికితే ఆ వస్తువు చరిత్ర కూడా అందులోనే దొరుకుతుంది. ‘ట్యాక్సీ’ అటువంటి మాట. ‘ట్యాక్సీమీటర్ క్యాబ్’ అనే పొడుగాటి పేరుకు అది పొట్టి రూపం. మధ్యయుగపు లాటిను భాషలో ‘టాక్సా’ అంటే సుంకం, వెల. మీటరంటే కొలిచేది. జర్మనీ దేశస్థుడు బ్రూన్ 1891లో ఈ కొలత పరికరాన్ని రూపొందించాడు. లండనులో 1907లో మోటారు క్యాబులకు అది తప్పనిసరి అయింది. అంటే ఆ బండికి పేరు తెచ్చిపెట్టింది యంత్రమూ కాదు, చక్రమూ కాదు. న్యాయమైన వెలను ఇరుపక్షాలకూ కనబడేటట్లు చూపించే చిన్న పెట్టె.

మన విశాఖపట్నంలో బేరమాడకుండా, మీటరు చూసి కిరాయి చెల్లించిన సందర్భాలు ఎన్ని జ్ఞాపకమున్నాయో పాఠకులే చెప్పాలి. పేరు వచ్చింది గాని, ఆ పేరుకు అర్థమైన వస్తువు మన వీధుల్లో నిలదొక్కుకోలేదు. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే కిరాయి బండికి ప్రభుత్వం అనుమతి ఇచ్చే పద్ధతి ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో చూడాలి.

మోటారు రాకముందు కథ జట్కాది. కిరాయికి తిరిగే గుఱ్ఱపు బండిని ఆంగ్లేయులు ‘హాక్నీ క్యారేజి’ అన్నారు. లండనులో ఈ బండ్లను క్రాంవెల్ ప్రభుత్వం 1654లోనే ఒక శాసనంతో అదుపులోకి తెచ్చింది. భారత ప్రభుత్వం కొన్ని రాష్ట్రాల పట్టణాల కోసం 1879లో హాక్నీ క్యారేజి చట్టం చేసింది. మన ప్రాంతం నాడు మదరాసు రాజధానిలోనిది గనుక ఇక్కడివారికి 1911లో మదరాసు హాక్నీ క్యారేజి చట్టం ప్రత్యేకంగా వచ్చింది.

1879 నాటి చట్టం చదువుతుంటే ఒక విషయం ఆకట్టుకుంటుంది. లైసెన్సు, బండి సంఖ్య, ఎక్కవలసిన జనం లెక్క, పశువుల స్థితి, జీను పగ్గాలు, బండ్లు నిలిపే చోటు, కిరాయి పరిమితి, ఎవరైనా మరచిపోయిన వస్తువును అప్పగించే విధానం: వీటన్నిటికీ పట్టణ పాలకవర్గమే నియమాలు చేయవచ్చు. కిరాయి దగ్గర తగవు వస్తే స్థానిక మేజిస్ట్రేటు విని తేల్చాలి. అంతేకాదు, తగవు వలన కాలం వృథా అయినందుకు ఒక పక్షం రెండవ పక్షానికి పరిహారం చెల్లించాలని కూడా ఆయన ఆదేశించవచ్చు. ఆ పక్షం ప్రయాణికుడే కావాలని లేదు, బండివాడైనా కావచ్చు. బండివాని పొద్దుకు కూడా వెల ఉన్నదని పరాయి ప్రభుత్వం చేసిన చట్టం ఒప్పుకున్నది. ఆచరణలో పేద జట్కావాడికి ఆ న్యాయం ఎంత అందిందన్నది వేరే మాట. అధికారి మాత్రం ఊరిలోనే ఉన్నాడు, నిలుపుచోటు ఆయన ఎరిగినదే.

తరువాత మోటారు వచ్చింది. 1914 నాటి మోటారు వాహనాల చట్టం ప్రధానంగా బండి నమోదుకు, చోదకుని లైసెన్సుకు సంబంధించినది. నేడు మనకు సుపరిచితమైన ‘పర్మిటు’ అనే వ్యవస్థను దేశమంతటికీ స్థిరపరచినది 1939 నాటి చట్టం. దీని వెనుక కారణం గమనార్హం. రోడ్డు మీద బస్సులు, లారీలు పెరిగి రైల్వేల రాబడికి గండి పడుతున్నదన్న ఆందోళనతో ప్రభుత్వం 1932లో మిచెల్, కర్క్‌నెస్ అనే ఇద్దరి చేత విచారణ జరిపించింది. ఆ ఆలోచనల ఫలితంగానే రోడ్డు రవాణాకు కట్టుబాట్లు బిగిశాయి. పర్మిటు పుట్టుకలో ప్రయాణికుని క్షేమంతో పాటు రైలు ఖజానా క్షేమం కూడా కలిసి ఉన్నదన్నమాట.

ఆ చట్టమే కిరాయి బండ్లను రెండు తెగలుగా విభజించింది. దారి పొడుగునా తలకింత చొప్పున ఎక్కించి దింపేది ‘స్టేజి క్యారేజి’. బండి మొత్తాన్ని ఒకరికి ఒప్పందం మీద ఇచ్చేది ‘కాంట్రాక్టు క్యారేజి’. ట్యాక్సీ, ఆటో రెండవ తెగకు చెందినవి. కాగితం మీద ఈ గీత స్పష్టంగానే ఉన్నది. గాజువాక నుండి ఎన్.ఏ.డి. కూడలి మీదుగా కాంప్లెక్సు వరకు షేరు ఆటోలో ప్రయాణించినవారికి మాత్రం ఆ గీత ఎంత చెరిగిపోయిందో వేరే చెప్పనక్కరలేదు. జనానికి కావలసింది ఒకటి, పర్మిటు మీద ఉన్నది మరొకటి. ఈ రెండింటి నడుమ చోదకుడు ప్రతిరోజూ తప్పు చేసినవాడవుతున్నాడు.

అనుమతి ఇచ్చే అధికారం కూడా నాటితో చేయి మారింది. మునిసిపాలిటీ స్థానంలో ప్రాంతీయ రవాణా అధికార సంస్థ, దానిపైన రాష్ట్ర సంస్థ వచ్చాయి. బండిని పరీక్షించే అధికారిని మనవాళ్లు ‘బ్రేకు ఇనస్పెక్టరు’ అన్నారు; నమోదు పత్రాన్ని ‘సీ బుక్కు’ అన్నారు. కిరాయి నిర్ణయించే శక్తి రాష్ట్ర ప్రభుత్వానికి దక్కింది.

ఈలోగా విశాఖ రూపం మారిపోయింది. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో సింధియా వారి నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1957లో కాల్టెక్సు చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న 1966 నాటి ఉద్యమం తరువాత 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడి, 1992లో అది జాతికి అంకితమైంది. ఈ ఊరి ట్యాక్సీ వ్యాపారానికి ఒక ప్రత్యేకత ఇందువల్లనే కలిగిందని నా అభిప్రాయం. బొంబాయిలో వలె వీధిలో చేయెత్తి ఆపే ట్యాక్సీ ఇక్కడ బలపడలేదు. పెద్ద సంస్థలకు నెలసరి ఒప్పందం మీద తిరిగే కార్లు, అరకు, సింహాచలం యాత్రలకు కుదుర్చుకునే ‘ట్రావెల్సు’ బండ్లు వృద్ధి చెందాయి. ఒప్పందం కుదిరినచోట మీటరుతో పనేమున్నది? వీధి ప్రయాణికుడు ఆటో వంక చూశాడు, బేరం మిగిలింది.

1988 నాటి కొత్త చట్టం 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. పర్మిటు ఇవ్వడంలో కొంత సడలింపు వచ్చినా, అయిదు లక్షలకు తక్కువ కాని జనాభా గల పట్టణాలలో, కేంద్రం ఆదేశిస్తే, కాంట్రాక్టు క్యారేజీల సంఖ్యకు హద్దు పెట్టే వీలు అందులో ఉన్నది. కాగితాలు మాత్రం పెరిగాయి: పర్మిటు, ఫిట్‌నెస్, బీమా, పన్ను, కాలుష్య ధ్రువపత్రం, రవాణా లైసెన్సు. దానికి తోడు ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణత.

ఈ చివరిది నా వృత్తికి సంబంధించినది. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో ఎనిమిదవ నియమం ప్రకారం రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదవ తరగతి గట్టెక్కి ఉండాలి. ఏడవ తరగతిలోనే బడి మానిన పాత విద్యార్థులు, మీసాలు నెరుస్తున్న వయసులో, “మేష్టారూ, ఎనిమిది పాసైనట్టు ఒక కాగితం రాసివ్వండి” అని వచ్చేవారు. ఇస్తే అబద్ధం, ఇవ్వకపోతే ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవదు. వారు బండి చక్కగా నడపగలరని ఊరంతటికీ తెలుసు. హర్యానాలోని మేవాత్ ప్రాంతపు పేద చోదకుల విషయమై అక్కడి ప్రభుత్వం చేసిన విజ్ఞప్తి తరువాత 2019లో కేంద్రం ఈ నిబంధనను తొలగించింది. నా దగ్గరకు వచ్చినవారికి అది ఆలస్యంగా అందిన న్యాయం. అలాగే 7,500 కిలోలకు మించని తేలిక వాహనపు లైసెన్సు ఉన్నవాడు అదే తరగతి రవాణా వాహనాన్ని వేరే అనుమతి లేకుండా నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం ద్వారా ధ్రువపరచింది.

ఇక చివరి మలుపు చరవాణిది. యాప్ ద్వారా బండి కుదిర్చే సంస్థలకు లైసెన్సు ఉండాలని 2019 సవరణ చట్టం చెప్పింది. 2020 నవంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. రద్దీవేళ కిరాయి మూల కిరాయికి ఒకటిన్నర రెట్లు మించరాదన్నారు. 2025 జూలైలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు దానిని రెండు రెట్ల వరకు అనుమతించాయి. సొంత బండి నడిపేవానికి కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలన్నాయి. మీటరు ఎట్టకేలకు వచ్చినట్లే ఉన్నది. అయితే పాత మీటరులో అంకె ఎందుకు తిరుగుతున్నదో ఎక్కినవాడికీ నడిపేవాడికీ తెలిసేది. కొత్త మీటరు లెక్క ఇద్దరికీ తెలియదు.

చోదకుల కష్టం ప్రభుత్వాలకు తెలియక కాదు. 2019 అక్టోబరు 4న ‘వాహన మిత్ర’ పేరుతో సొంత ఆటో, ట్యాక్సీ నడిపేవారికి ఏడాదికి 10,000 రూపాయల సాయం మొదలైంది. బీమా, ఫిట్‌నెస్, మరమ్మతుల ఖర్చులకు అన్నారు. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చిన తరువాత, 2025 అక్టోబరు 4న ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పేరుతో తరువాతి ప్రభుత్వం 15,000 రూపాయలు ఇచ్చింది. సాయం మంచిదే. కాని ఏ కాగితాల భారం మోపామో ఆ కాగితాల కోసమే తిరిగి డబ్బు ఇవ్వవలసి వచ్చిందంటే, ఆ భారం కిరాయి రాబడిలో ఇమడటం లేదనే కదా అర్థం?

అనుమతి పత్రానికి రెండు ముఖాలుండాలి. ఒకటి ప్రయాణికునికి భద్రత, మరొకటి చోదకునికి జీవిక. నూరేళ్లకు పైగా మనం మొదటి ముఖం మీదనే ముద్రలు వేస్తూ వచ్చాం. అనుమతి ఇచ్చే చేయి ఊరి నుండి ప్రాంతానికి, రాష్ట్రానికి, కేంద్రానికి, చివరకు కంటికి కనబడని యంత్రానికి దూరమవుతూ వచ్చింది. కిరాయి తగవు వస్తే ఊరిలోనే విని, ఇరువురి కాలానికీ వెల కట్టే పెద్దమనిషి స్థానం ఖాళీగా ఉండిపోయింది. రైల్వే స్టేషను వద్ద, కాంప్లెక్సు వద్ద, సింహాచలం కొండ దిగువన తెలుగులో రాసిన కిరాయి పట్టిక, దాని పక్కన ఫిర్యాదు వినే ఒక అధికారి ఉంటే చాలు. ఇది కొత్త కోరిక కాదు. 1879లోనే చట్టానికి తోచిన సంగతి.

విశాఖలో జట్కాలు నడిపిన కుటుంబాలవారి వద్ద నాటి లైసెన్సు బిళ్లలుగాని, కిరాయి పట్టికలుగాని ఉంటే దయచేసి భద్రపరచండి. ఈ ఊరి చరిత్రలో ఓడలకు, ఉక్కుకు ఉన్నంత చోటు వాటికీ ఉన్నది.